కార్పెట్ కింది ఆమె

సిద్దిపేటల పదిమంది కూడే జాగ ఏదన్న గానీ, గాడ ఒక దయ్యాన్ని చూడనిదే గజేందర్ కాలు లోపట పెట్టడు. పెండ్లి హాలు గానీ, సినిమా హాలు గానీ, బట్టల షాపు గానీ, ముందుగాల గుమ్మం కాడ ఆగుతడు. ఎవలో చెవిల చెప్తుంటె వింటున్నట్టు మెడ జెర పక్కకు వంచుతడు. అటెనుక చెయ్యెత్తి ఒక్క జాగ చూపిస్తడు.

"గాడ ఒకామె ఉన్నది," అంటడు. "గటు దిక్కు పోకున్రి."

ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైరైన మనిషి. జిల్లల సగం మందికి టికెట్ కొట్టిండు కాబట్టి సగం పెండ్లిళ్లకు పిలుపు వస్తది. పొట్టిగ ఉంటడు, ఇస్త్రీ అంగీ తొడుగుతడు, మీసానికి మాత్రం మనిషి కంటె ఎక్కువ పొగరు. గొంతు నిండిన బస్సుల ఎనక సీటు దాక పోయే గొంతు. గా గొంతును దించి గుసగుసగ మాట్లాడిండంటె వినేటోళ్ల వీపు మీద చీమలు పారుతయి.

ఉత్తగ దయ్యమంటె ఎవలు నమ్ముతరు? గజేందర్ దయ్యాలకు ఊరుంటది, బట్టల రంగుంటది, కోపానికి కారణముంటది. చేతులు కడుక్కునే జాగ ఏ హాలుదైనా గాడ వర్గల్ ముసలాయన ఉంటడు. ఎప్పుడు చూసినా తడి కాళ్లతోనే నిలబడతడు, వచ్చినోళ్ల మడిమె పట్టుకుంటడు, విడువడు. బట్టల షాపుల కరెంటుతోని నడిచే మెట్ల కింద ఎర్రవల్లి పిల్ల ఉంటది. నోరు తెరుచుకొని కూసుంటది, కొంగు అందితె మెల్లగ నములుకుంట లోపటికి గుంజుతది. ఎగ్జిబిషన్ల రంగులరాట్నం కాడ ఒకాయనకు తల లేదు, చేతుల బీడి మాత్రం ఉన్నది.

"తల లేనోడు బీడి ఎట్ల తాగుతడు?" అని అడిగింది సుగుణ.

"గదే వదినె, తాగరాక కోపం మీదున్నడు. గందుకే గా కరెంటు తీగ కాడికి ఎవ్వరు రావద్దంటుండు."

సుగుణ గజేందర్‌కు వదినె, పెద్దన్న భార్య. పెనిమిటి పోయినంక పాత బజారుల స్టీలు సామాన్ల దుకాణం ఆమెనే నడుపుతున్నది. పై అరల గంగాళం కావాలంటె స్టూలెక్కి తనే దించుతది, కొడుకు రాజేశ్‌ను సుత ఎక్కనియ్యది. ఆమెకు దయ్యమంటె బుగులు లేదు. "ఖాళీగ తిరుగుడెందుకు, వచ్చి నా దుకాణంల గిన్నెలు తుడువుమను" అంటది.

నవ్వుకునే ముచ్చటే గాని, నవ్వినోళ్లు పడ్డరు. ఒక పెండ్లిల పిల్లగాని మేనమామ, "ఏడున్నడు మీ వర్గల్ ముసలాయన, దండం పెడ్త" అనుకుంట చేతులు కడుక్కునే కాడికి పోయిండు. మల్ల లేచి రాలే, మోసుకొచ్చిన్రు. దవాఖానల పండవెట్టినంక సుత మడిమె చూపించుకుంట, "చల్లటి చెయ్యి" అన్నడు గాని ఇంకో మాట అనలే. గప్పటి సంది ఊరు రెండైంది. సగం మంది గజేందర్‌కు కండ్లున్నయి అన్నరు, సగం మంది నోరున్నది అన్నరు, అనంగనే అయితదని. హాళ్లోళ్లు అతన్ని దూరం నుంచి చూసి గేటు దగ్గరికేసుడు మొదలువెట్టిన్రు.

గిట్లుండంగ సుగుణ అక్క మనుమరాలు శ్రీజ పెండ్లి వచ్చింది. ఊరి బయట రత్నాకర్ ఫంక్షన్ హాలు. పిల్లకు పెట్టే స్టీలు సామాన్లు దింపుదామని సుగుణ, గజేందర్ అందరికన్న ముందుగాల పోయిన్రు.

మనుషులు లేని ఫంక్షన్ హాలును పొద్దుగాల చూసినోళ్లకు తెలుసు అదెట్లుంటదో. కుర్చీలకన్నిటికి తెల్ల ముసుగులు తొడిగి, నడుముకు రిబ్బన్లు కట్టిన్రు. వరుసలు వరుసలుగ, తలలు లేని చుట్టాలు ముందుగాలనే వచ్చి కూసున్నట్టు, ఖాళీ స్టేజీ దిక్కే చూస్తున్నయి. ఎక్కడో కూలర్ తిరుగుతున్నది. గా గాలికి ఒక్కొక్క ముసుగు పొట్ట ఉబ్బుతున్నది, మల్ల లోపటికి పోతున్నది.

గజేందర్ హాలంత తిరిగి, భోజనాల దిక్కు దిగే మెట్ల కాడికి పోయిండు. మెట్ల మీద ఎర్ర కార్పెట్ పరిచి ఉన్నది. వంగి దాని అంచు జెర లేపి చూసిండు, మల్ల దించిండు. ఆఫీసు రూముల ఉన్న రత్నాకర్ కాడికి పోయి ఏందో మాట్లాడి వచ్చిండు.

"వదినె, కార్పెట్ కింద ఒకామె పండుకున్నది. పసుపు చీర. అక్కన్నపేట ఆమె. చెల్లె పెండ్లికి వచ్చి బువ్వ తినకుండనే పోయిందట. గందుకే తిననీకి పోయేటోళ్లు మీద అడుగేస్తె లేచి కూసుంటది."

"పాపం," అన్నది సుగుణ. "ఒక ఇస్తరాకు బువ్వ గాడ్నే పెట్టమను."

పొద్దెక్కే వరకు ముచ్చట హాలంత పాకింది. ఆడోళ్లందరు మెట్లు వదిలి, వంటశాల నడుమకెల్లి భోజనాలకు పోవుడు షురూ చేసిన్రు. పట్టుచీరలు పట్టుకొని, కాగుల పొంటి, గరిటెల కింద వంగుకుంట. వంటోళ్లు లొల్లి పెట్టిన్రు. పిల్లలు దూరం నుంచి మెట్ల దిక్కు చూస్తున్రు. గంతల ఒక పిల్ల మెల్లగ అన్నది, "అది ఊపిరి పీలుస్తున్నది."

సుగుణ చూసింది. నిజమే. కార్పెట్ నడుమల జెర లేస్తున్నది, జెర దిగుతున్నది. కూలర్ గాలి, అనుకున్నది. కానీ గప్పటికే హాలుల మాటలు ఆగిపోయినయి, అందరి కండ్లు ఆమె మీదనే ఉన్నయి. గందరి ముందల వంటశాల తొవ్వ పట్టే మనిషి కాదు సుగుణ.

"ఇంత చదువుకున్నోళ్లు, పండుకున్నామెను చూసి పారిపోతరా? చూడున్రి, నేనెట్ల పోతనో." కుచ్చిళ్లు ఎత్తిపట్టి కాలు పెట్టింది.

పెట్టిన కాలు కింద జాగ లేదు.

చల్లటి నోరు తెరుచుకున్నట్టైంది. లోపల ఎక్కడనో ఎండుపుల్ల విరిగిన సప్పుడు వినొచ్చింది, అది తన కాలే అని తర్వాత తెలిసింది. కింద పడి, చెంప కార్పెట్‌కు ఆని, కదలరాకుండ ఉన్నప్పుడు అంచు కింద చీకటి సందు కనిపించింది. గా సందుల పసుపుపచ్చటిది ఏందో ఉన్నది. చీర కొంగంత వెడల్పు. అది కదిలింది.

రత్నాకర్ మనుషులు ఉరికొచ్చిన్రు. ఇద్దరు ఆమెను లేపవోతున్రు, ఇంకో ఇద్దరు కార్పెట్‌ను చుట్టి తీసుకపోదామని వంగిన్రు. గజేందర్ చేతులు చాపి అడ్డం నిలబడ్డడు.

"ముట్టకున్రి. పండుకున్నామె ఇంకా లేవలే."

ఎవలు ముట్టుకుంటరు? వంగినోళ్లు వంగినట్టే ఎనకకు జరిగిన్రు.

"రాజేశ్, ఫోన్ తియ్యి. ఆమె మొఖం ఫోటో తియ్యి."

"ఎవరి మొఖం కాకా?"

"కింద ఉన్నామెది. నేను అంచు లేపుత."

రాజేశ్ కండ్లు మూసుకొని ఫోటోలు కొట్టిండు. తెరిచి చూస్తె దయ్యం లేదు. మెట్టు బండ సగం విరిగి, పన్ను ఊడిన నోరు లెక్క గుంత ఉన్నది. గా గుంతల పసుపుపచ్చ పట్టీ, "జాగ్రత్త" అని రాసి అడ్డం కట్టేది, ఉండచుట్టి కుక్కి ఉన్నది.

"ఇంకేమంటుంది కాకా?"

"పడంగ చూసినోళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అడుగుతుంది. గా మూల మీది కెమెరాల పడ్డది చెరపొద్దంటుంది. కాయితం మీద రాసి అడుగుమంటుంది, నోటిమాట చెల్లదట."

పెండ్లి చుట్టాలందరు దయ్యానికి తమ ఫోన్ నంబర్లు రాసిచ్చిన్రు. ఒకాయనైతె రెండు నంబర్లు ఇచ్చిండు, మొదటిది కలువకపోతె ఆమె ఇంటికొస్తదని.

దవాఖానకు రత్నాకర్ మనిషి ఒకడు ఎంబడే వచ్చిండు. సుగుణ నొప్పికి మాట్లాడరాకుండ ఉంటె, వాడే డాక్టర్‌కు చెప్పిండు, "కండ్లు తిరిగి పడ్డది సార్, పెద్దమనిషి గదా." డాక్టర్ రాయవోయిండు. గజేందర్ మెడ పక్కకు వంచిండు.

"సార్, ఆమె ఒప్పుకుంటలేదు. ఏడ పడ్డదో, ఎందుకు పడ్డదో, పేషంట్‌ను అడిగి గట్లనే రాయమంటుంది."

"ఎవరు?"

"మీ కుర్చీ ఎనక నిలబడ్డది."

డాక్టర్ చదువుకున్నోడు. ఎనకకు చూడలే. కానీ చేతిల ఉన్న పెన్ను ఆగింది, కుర్చీ జెర ముందటికి జరిగింది, సుగుణ దిక్కు వంగి, "అమ్మా, ఎట్ల పడ్డరు?" అని మెల్లగ అడిగిండు. సుగుణ పండ్లు బిగవట్టి, విరిగిన మెట్టు మీద కార్పెట్ పరిస్తె పడ్డ అని చెప్పింది. గట్లనే రాసిండు.

ఆపరేషనైన తెల్లారి రత్నాకర్ ఆపిల్‌పండ్లు పట్టుకొని వచ్చిండు. పండ్ల కింద ఒక కాయితం.

"దవాఖాన ఖర్చు మేమే పెట్టుకుంటమమ్మా. కండ్లు తిరిగి పడ్డనని చిన్న సంతకం. మా హాలు పేరు ఖరాబు కావద్దు గదా."

రాజేశ్‌కు గది నచ్చింది. "మంచిగనే చెప్తుండు గదమ్మా. కండ్లు తిరుగుతున్నయంటె ఇగ నువ్వు స్టూలెక్కుడు వద్దు. దుకాణం కిరాయికి ఇద్దాం, ఇంట్ల కూసో."

సుగుణకు కాలు విరిగినప్పుడు గింత నొప్పి లేకుండె. కాయితం మీద ఒక్క గీత గీస్తె పడ్డది ఆమె తప్పైతది, ఆమె ఒంట్ల రోగమైతది. గా రోగం పేరు మీద దుకాణం పోతది. బతికినన్ని దినాలు ఎవలో తెచ్చిచ్చిన చాయ్ తాగుకుంట కిటికీల కూసోవాలె.

"నాకు కండ్లు తిరగలే," అన్నది.

"మరి దయ్యం తోసిందంటరా అమ్మా?" అని నవ్విండు రత్నాకర్.

గజేందర్ మెడ వంచిండు. "సంతకం పెట్టొద్దంటుంది వదినె."

రత్నాకర్ కాయితం ఆడ్నే పెట్టిపోయిండు. సుగుణ కొడుకును చాయ్‌కు పంపింది.

"గజేందర్, తలుపు దగ్గరికెయ్యి. ఇప్పుడు చెప్పు. నీ పసుపు చీర ఆమెకు కానూను ఎట్ల తెలిసింది? సచ్చినంక వకీలు చదువు చదివిందా?"

గజేందర్ చేతి గడియారం ఒకసారి తిప్పిండు. "దయ్యం లేదు వదినె."

"గది నాకు తెలుసు. ఉన్నదేందో చెప్పు."

"మా అత్త పోచవ్వ యాదికున్నది గదా. సినిమా హాలుల నీళ్లున్నయి, చూసి నడువు అత్తా అన్న. నాకు కండ్లు లేవా అన్నది. అనుకుంటనే పడ్డది. ముసలామె చూసుకోలే అని హాలోళ్లే కాయితం రాసి, వేలిముద్ర పెట్టిచ్చుకున్నరు. మేం వాళ్లకే దండం పెట్టి వచ్చినం. మంచంల ఉన్నన్ని దినాలు నాదే తప్పు బిడ్డా, నాదే తప్పు అనుకుంటనే పోయింది. తర్వాత పైసలు లేనోళ్లకు వకీలును ఇచ్చే న్యాయసేవ సంస్థ వాళ్లు మీటింగు పెడితె పోయి అడిగిన. తప్పు ఆమెది కాకుండె వదినె. గా వేలిముద్రతోని ఆమెది చేసిన్రు."

గజేందర్ ఊకూకె గా మీటింగులకు పోతుంటె బిస్కెట్ల కోసం పోతుండు అనుకునేటోళ్లు. సుగుణనే అనేది.

"మరి దయ్యాలెందుకు?"

"ఫుట్‌బోర్డు మీద నిలబడకున్రి అని కొలువంత మొత్తుకున్న, ఒక్కడు వినలే. ఒకనాడు యాష్టకొచ్చి, గాడ మొన్న ఒకడు పడి సచ్చిండు, ఇంకా దిగలే అన్న. బస్సంత లోపటికి జరిగింది. తడి ఉన్నదంటె జనం తొక్కి చూస్తరు వదినె. దయ్యమున్నదంటె సుట్టు తిరిగి పోతరు."

"మేనమామ మడిమె పట్టుకున్న చెయ్యి?"

"సబ్బు నీళ్లు."

సుగుణ పై కప్పు దిక్కు చూసింది. "నాకు విరిగిన బండ అని చెప్తె అయిపోయేది గదా. నేను సుట్టు తిరిగి పోయేదాన్ని."

"పొద్దుగాల రత్నాకర్‌కు చెప్పిన. పెండ్లి కానియ్యి, తర్వాత చూద్దాం అన్నడు. నీకు..." గజేందర్ గొంతు ఎనక సీటు దాక కాదు, మంచం అంచు దాక సుత రాలే. "సిద్దిపేటల దయ్యానికి భయపడనిది నువ్వొక్కతివే. గది నా బుర్రకు తట్టలే వదినె."

సుగుణ గా కాయితం తీసుకొని, ఆపిల్‌పండు తొక్కలు దాంట్ల చుట్టి డబ్బల ఏసింది.

ఆడోళ్లకు ఆమ్దాని, గదే సంపాదన, ఎంతని అడగకుండనే సర్కారే ఉత్తగ వకీలును పెడ్తదని గజేందర్‌కు తెలుసు. న్యాయసేవ ఆఫీసోళ్లు భరణి అనే వకీలమ్మను పంపిన్రు. సుగుణ ఆమెను ముందుగాలనే అడిగింది, "పిలిస్తె పోయి బువ్వ తిన్నోళ్లకు హక్కేంది బిడ్డా? హాలు కిరాయికి తీసుకున్నది నేను కాదాయె."

"మీ చుట్టాలు తీసుకున్నది మీ అసోంటోళ్ల కోసమే గదమ్మా. వాడుకున్నోళ్లు సుత వినియోగదారులే. నలుగురు తిరిగే జాగ నడిపేటోడు దాన్ని పదిలంగ ఉంచాలె. ఖరాబైందని తెలిసి దాచిపెట్టుడు ఇంకా పెద్ద తప్పు. రెండేండ్ల లోపట కేసు ఎయ్యాలె, మీరు ముందుగాలనే వచ్చిన్రు. ఫోటోలు, సాక్షులు, దవాఖాన రాత, అన్నీ ఉన్నయి. ఇవన్నీ జమచేసిందెవరు?"

"దయ్యం," అన్నది సుగుణ.

జిల్లా వినియోగదారుల కమిషన్ ముందల రత్నాకర్ వకీలు ఒక తెలివైన మాట పట్టుకొచ్చిండు. మెట్టు చేసిందేం లేదు, గజేందర్ చెప్పిన దయ్యం కథకు బెదిరి ఆమె పడ్డది, తప్పు హాలుది కాదు, మరిదిది. నడుమ కూసున్న సారు కండ్లద్దాలు తీసి, "ఏమయ్యా, దయ్యం ఉన్నదా, లేదా?" అని అడిగిండు.

గోడ పొంటి సిద్దిపేట నుంచి వచ్చిన జనం నిలబడ్డరు. గజేందర్ మెడ పక్కకు వంగింది, అలవాటు. సుగుణకు తెలుసు. లేదంటె రేపటి సంది గాయన మాటకు విలువుండది. ఉన్నదంటె కేసు పోతది, దాని ఎనకనే ఆమె దుకాణం పోతది.

గజేందర్ మెడ నిటారుగ పెట్టిండు.

"లేదు సార్. నేను కల్పించిన. ఉన్నది విరిగిన బండ. నేను పొద్దుగాలనే చెప్పిన. పట్టీ లోపలికి కుక్కి, కార్పెట్ పరిచిన్రు. గా పట్టీకే నేను పసుపు చీర కట్టిన."

తీర్పు వచ్చింది. హాలుదే తప్పన్నరు, వైద్యం ఖర్చు, నష్టపరిహారం ఇయ్యాలన్నరు. సుగుణ మాత్రం కొడుకుతోని ఒక్క వరుసనే మల్ల మల్ల చదివిచ్చుకున్నది, పడుడుకు కారణం ఆమె ఆరోగ్యం కాదు అన్న వరుస. తెల్లారి దుకాణం తాళంచెవి రాజేశ్ తనే తెచ్చి చేతుల పెట్టిండు.

ఆమె కాలు అతికింది గాని గజేందర్ మనిషి విరిగిండు. ఒక దావత్‌ల, "గాడ తడి ఉన్నది, చూసి నడువున్రి" అన్నడు. "ఏ ఊరి తడి కాకా? ఏం చీర కట్టింది?" అని పిల్లగాండ్లు నవ్విన్రు. నవ్వుకుంట గటే పోయిన్రు, ఒకడు మోచెయ్యి పలగ్గొట్టుకున్నడు. గప్పటి సంది పత్రికలు రాలే, గజేందర్ పెండ్లిళ్లకు పోవుడు బంద్ చేసిండు. మీసం సుత కిందికి వంగింది. సుగుణకు గది చూడబుద్ది కాలే.

ఒకనాడు యాదవ్వ తాంబాళం కొననీకి వచ్చింది. ఊర్లె ఏ ముచ్చటైనా ఆమెకు చెప్తె పొద్దుగూకే వరకు వాడవాడకు చేరుతది. "దయ్యం లేదటగా?" అన్నది.

సుగుణ స్టూలు మీదికెల్లి మెల్లగ దిగింది. "కోర్టుల దయ్యం పేరు తియ్యరాదు యాదవ్వా. తీస్తె కేసు కొట్టేస్తరు. గందుకే మా గజేందర్ లేదన్నడు."

"అంటె ఉన్నదా?"

సుగుణ చీర అంచు జెర పైకి లేపి, కాలి మీద పండ్లు దిగినట్టు వరుసగ ఉన్న మచ్చలు చూపించింది. "గివి ఏంది?"

"కుట్లు గదా?"

"డాక్టర్ గట్లనే అన్నడు," అని గిన్నె తుడువవట్టింది సుగుణ.

యాదవ్వ తాంబాళం మర్చిపోయి పోయింది. వారం తిరగకముందే గజేందర్ ఇంటికి పెండ్లి పత్రికలు మల్ల వచ్చినయి. మీసం లేచింది.

అటెనుక రత్నాకరే దుకాణానికి వచ్చిండు. గజేందర్ గాడనే మూలకు కూసోని చాయ్ తాగుతుండు.

"అమ్మా, బండ మార్పిచ్చిన. బల్బు పెట్టిచ్చిన. పట్టుకొని దిగనీకి రెండు దిక్కుల పైపులు పెట్టిచ్చిన. ఆమె పోయిందని ఒక్క మాట చెప్పున్రి. హాలు చూడనీకి వచ్చినోళ్లు స్టేజీ చూస్తలేరు, ఆమెను చూపియ్యమంటున్రు."

"లేదని కమిషన్‌లనే చెప్పినం గదా."

"ఎవ్వరు నమ్ముతలేరమ్మా."

సుగుణ నవ్వు ఆపుకొని, "ఏం గజేందర్, పోయిందా?" అన్నది.

గజేందర్ మెడ పక్కకు వంచిండు. "మెట్ల కాడ లేదు వదినె. మెట్లు మంచిగైనయని ఆమెకు నిద్ర పడతలేదట. కొత్త లిఫ్టులకు పోయింది."

రత్నాకర్ మొఖం తెల్లవడ్డది. "లిఫ్టు నడుమల ఆగుతున్నదని మీకెవలు చెప్పిన్రు? నిన్ననే పెట్టిచ్చిన. నేను తప్ప ఇంక ఎవ్వరు ఎక్కనే లేదు."

గజేందర్ చేతుల చాయ్ గ్లాసు నోటి కాడికి పోంగ పోంగ ఆగింది. అతడు సుగుణ దిక్కు చూసిండు. సుగుణ అతని దిక్కు చూసింది. లిఫ్టు ముచ్చట గజేందర్‌కు ఎవ్వరు చెప్పలే, నోటికొచ్చింది అన్నడు.

ముందుగాల తేరుకున్నది సుగుణనే.

"జల్ది బాగు చేపియ్యి రత్నాకర్," అన్నది. "ఈసారి మాకు సుత చెప్పకుండనే పోయింది ఆమె."